మాత్రలూ మంచినీళ్లూ

అక్కా,

నా దస్తూరి ఇలా వంకర్లు పోయిందేమని కంగారుపడకు. చదివాక నీ మరదలికి మాత్రం చెప్పకు.

బైండింగు షాపు మూసేద్దామనుకుంటున్నాను. ఇరవయ్యేళ్లుగా కళ్లు మూసుకుని పుస్తకాలు కుట్టిన చేతులివి. మొన్న ఒక పంతులమ్మగారు తన తండ్రి చేతిరాత పుస్తకం తెస్తే కుట్టి, జిగురు పెట్టి, అట్ట కూడా వేసి ఇచ్చాను. ఆవిడ తెరిచి చూస్తే సగం పుస్తకం తలకిందులుగా ఉంది. జాలిగా నా మొహం చూశారు. తిట్టినా బాగుండేది. నిన్నైతే మన వీధి మొదట్లో నిలబడి, ఇల్లు ఎటో తెలియక అరగంట అక్కడే ఉండిపోయాను. అమ్మకి ఆఖర్న ఇలాగే మొదలైంది కదా. నిన్ను కూడా గుర్తుపట్టలేని రోజు రాకముందే ఈ ముక్క రాయాలనిపించింది.

ఇంకో సంగతి. వంగి వంగి కుట్టడంతో నడుం పట్టేసిందని డాక్టరు పది రోజులకి మాత్రలు రాశాడు. గట్టివి, నల్లమందు జాతివి. రోజుకు రెండన్నాడు. నాలుగు నెలలైంది, పాత చీటీతోనే కొంటున్నాను. రెండు కాస్తా ఐదయ్యాయి. నీ మరదలికి తెలిసింది రెండే. మాత్రలు వేడి చేస్తాయని గంటకో చెంబు నీళ్లు తెచ్చి ముందు పెడుతుంది. వద్దంటే ఎక్కడ కూపీ లాగుతుందోనని గటగటా తాగేస్తున్నాను.

నీ తమ్ముడు

అక్కా,

నీ నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ నీకు రాశాను చూడు, అని రెండు రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను. నువ్వు ఫోన్ చేసి చెప్పేయగానే నీ మరదలు నా సొరుగు వెతికి, మాత్రల పెట్టెతో సహా నన్ను ఆస్పత్రికి లాక్కెళ్లింది. పరీక్ష చేస్తే రక్తంలో ఉప్పు బాగా పడిపోయిందని తేలింది. ఒంట్లో నీరు ఎంత ఉంచాలో చెప్పే హార్మోను ఒకటుందట. కొందరిలో ఈ మాత్రలు దాన్ని పెంచేస్తాయట. అప్పుడు తాగిన నీరు బయటికి పోక, ఉప్పును పలచన చేసి, మెదడును మసకబారుస్తుందట.

"మీది మతిమరుపు జబ్బు కాదండీ. నీళ్లు తగ్గించి, మాత్రలు మెల్లగా మాన్పిస్తే తేరుకుంటారు" అంది డాక్టరమ్మ.

అక్కా, అందరి ముందూ ఏడ్చేశాను.

మూడు చెరువుల నీళ్లు తాగించడమంటారే, నీ మరదలు నాకు నిజంగానే తాగించింది. సరదాకి ఆ మాటంటే తను కుమిలిపోయింది. తన తప్పేముంది? ఐదని తెలిస్తే అప్పుడే చెయ్యి పట్టుకుని ఆపేది. దాచింది నేను.

ఇప్పుడు తల తేటపడింది. మాత్రలు ఒకటికి దిగాయి. ఇంకోటి కావాలని ఒళ్లు పీకుతూనే ఉంది, ఓర్చుకుంటున్నాను. నిన్న నీ మరదలితో కలిసి షాపు తెరిచాను. గంట కుట్టేసరికి నడుం మళ్లీ మొదలెట్టింది. ఇన్ని నెలల్లో మొదటిసారి, నొప్పిగా ఉందని తనతో పైకి చెప్పాను. తను నా చేతిలో సూది తీసుకుని పక్కన కూర్చుంది.

"ఎలా కుట్టాలో చూపించండి" అంది.

బుద్ధొచ్చిన
నీ తమ్ముడు