రీబె ఊరి నీళ్ళు

ఆగస్టు 29

ధర్మవరం. పెట్టె సర్దడం అయింది. స్వెట్టరు పెడితే నాయన తీసేశాడు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ తీశాడు. "చలికి సచ్చేంత ముసిలోన్నా నేను?" డెబ్భై దాటాయి. తిరుపతి, బెంగళూరు తప్ప ఎక్కడికీ పోయినవాడు కాదు. సముద్రం చూసింది లేదు. ఇప్పుడు ఏకంగా డెన్మార్కు.

పోయిన ఏడాది డెన్మార్కు నుంచి కిర్స్టెన్ అనే ఆమె వచ్చి మా గుంతమగ్గం ముందు పూటంతా కూర్చుని, టేపుతో కొలతలు తీసుకుని పోయినప్పుడు ఇంత దాకా వస్తుందని ఎవరనుకున్నారు. రీబె ఆమె ఊరు. ఆ ఊరి బయట, చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం, పాతకాలపు పల్లె ఒకటి కట్టి నడుపుతున్నారట. వచ్చే నెల అక్కడ నాలుగు దేశాల నేతగాళ్ళు కూర్చుని నేస్తారు. నాయన నేత, నేను మాట. నేను పాఠాలు చెప్పే కాలేజీలో సెలవు ఇచ్చారు, గొణుగుతూనే.

ఎదురింటి ఓబులేసు వచ్చి — "ఏమప్పా, ఆడ నీకు సంగటి ఎవరు పెడ్తారు?" నాయన — "పెట్టకుంటే పస్తుంటా."

సెప్టెంబరు 1

రీబె. చిన్న స్టేషను. గుండ్రాళ్ళు పరిచిన వీధులు. ఇటుకల మధ్య కర్రదూలాలు బిగించి కట్టిన ఇళ్ళు... ఒక్కటీ నిటారుగా లేదు. ఒకదాని భుజం మీద ఒకటి వాలి నిలబడ్డాయి. వందల ఏళ్ళుగా అలాగేనట. ఎవరూ పడగొట్టలేదు. లోపల కాపురాలున్నాయి. కిటికీలో పూలకుండీ, దాని వెనక ఒక ముసలమ్మ కాఫీ తాగుతూ.

ఈ దేశంలో ఇంతకంటే పాత ఊరు లేదు అంది కిర్స్టెన్. పదమూడు వందల ఏళ్ళు. నాయన ఒక గోడను అరచేత్తో తడిమి — "సున్నం బాగ కొట్టినారు." అంతే.

సెప్టెంబరు 2

పెద్ద చర్చి. గుడికి మెట్లెక్కి పోవడం అలవాటు. ఇక్కడ దిగి పోవాలి. చర్చి కుంగిందేమో అనుకున్నాను. కాదట, ఊరే పైకి లేచిందట. తరతరాల చెత్త, పేడ, కాలిపోయిన ఇళ్ళ బూడిద, పొర మీద పొర. బయటికొచ్చాక కాసేపు అడుగు వేయడానికి జంకాను. ఎవరి వంటిల్లు మీద నడుస్తున్నానో...

లోపల ఒక స్తంభం మీద గీత. ఒకానొక తుఫానులో సముద్రం అంత ఎత్తున చర్చిలోకి వచ్చిందట. నాయన — "సముద్రం యాడుండాది?" దూరం నాయనా, మూడు నాలుగు మైళ్ళు. ఆయన గీతను చూశాడు, తలుపు వైపు చూశాడు, మళ్ళీ గీతను.

ఎర్రటి గోపురం కూడా ఎక్కాడు, నాకంటే ముందు. పైనుంచి చుట్టూ పచ్చిక, ఆకాశం. "ఒక్క గుట్ట గూడా ల్యాకుండ ఊరెట్ల కట్టినారు పాపా."

సెప్టెంబరు 3

ఇది మర్చిపోకూడదు.

మా ఇంటి కొలతల ప్రకారం మగ్గం చేయించి, కాళ్ళు పెట్టుకునే గుంత ముందే తవ్వించి పెట్టింది కిర్స్టెన్, పల్లెలో గడ్డికప్పు కింద. పొద్దున పోయి చూస్తే గుంతలో నీళ్ళు. తోడించింది. మధ్యాహ్నానికి మళ్ళీ ఊరాయి. ఆమె ముఖం చిన్నబోయింది. తప్పయిపోయింది, మీ నాన్నగారికి చెప్పు, అని నా చెయ్యి పట్టుకుంది.

నాయన ఆమెను చూడనే లేదు. గుంత పక్కన గొంతుక్కూచుని వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. "తియ్యగుండాయి." గుంత లోతు చేత్తో కొలిచి — "రెండు మూరలు, పాపా. రెండు మూరలకే."

మా వీధిలో బోరు వేసిన రాత్రి గుర్తొచ్చింది. తెల్లారేసరికి గడపల మీద, మంచాల మీద, జనం రెప్పల మీద తెల్లటి రాతిదుమ్ము. నీళ్ళు మాత్రం లేవు.

మగ్గాన్ని చెక్క అరుగు మీదికి ఎత్తి బిగించారు. గుంత పూడుస్తామంటే నాయన ఒప్పుకోలేదు. "ఉండనీ. మీకేం అడ్డం?"

సెప్టెంబరు 5

పడుగు ఎక్కింది. పొద్దుగూకేదాకా నేత. మధ్యలో లేచి పోయి గుంత చూసి వస్తాడు.

సెప్టెంబరు 6

పక్క గుడిసెలో వాళ్ళ పాతకాలపు మగ్గం. గోడకు ఆనించిన నిచ్చెనలా ఉంది. పడుగు దారాలు కిందికి వేలాడుతుంటే కొసలకు మట్టిగుండ్లు కట్టారు, బిగువు కోసం. ఆడవాళ్ళు నిలబడి నేస్తున్నారు. అలాంటి గుండ్లే ఈ ఊరి మట్టిలో దొరికాయట. నాయన ఒక గుండును చేతిలో పెట్టుకుని బరువు చూశాడు, వేలితో నెట్టి ఊపాడు. అక్కడి ఆమె నవ్వి తన చోటు ఇచ్చింది. ఇద్దరికీ ఒక్క మాట రాదు. గంట సేపు నేను అక్కర్లేకపోయాను.

సెప్టెంబరు 8

ఏటి ఒడ్డున ఒక కొయ్యస్తంభం. చుట్టూ లోహపు కడియాలు, వరద వచ్చిన ప్రతిసారీ నీళ్ళెంత ఎత్తుకు లేచాయో గుర్తు. అన్నిటికంటే పై కడియం నాయన చెయ్యెత్తినా అందలేదు.

మన దగ్గర పెద్దవాళ్ళు కరువుల పేరు చెప్పి వయసు లెక్క కడతారు. ఇక్కడ నీళ్ళతో కడతారు కాబోలు.

"ఆ వరద ఉప్పు నీళ్ళంట నాయనా. పైర్లు సచ్చిపోయినాయంట." "ఉప్పైతే ఏం. నీళ్ళే గదా." అక్కడినుంచి కదల్చడానికి నానా తంటాలు పడ్డాను.

సెప్టెంబరు 9

అన్నీ మంచి కథలే కావు. పూర్వం ఒక దర్జీ భార్యను మంత్రగత్తె అని ఈ ఊళ్ళోనే కాల్చేశారు. రాజు దాకా పోయిన కేసట. నాయన — "ఎవరు చెప్పినారు ఆమె మంత్రగత్తె అని?" ఇంకో దర్జీ. "వాడూ దర్జీయేనా. ఔలే. సాటి పనోడే ఓర్చలేడు."

సెప్టెంబరు 11

రాత్రి ఎనిమిదింటికి ఊరి కాపలాదారు. నల్ల కోటు, చేతిలో లాంతరు, ముళ్ళగుండు బిగించిన పొడుగు కర్ర. ఆగి ఒక పాట, నడిచి ఒక కథ. పూర్వం ఎక్కడైనా నిప్పంటుకుందా, నీళ్ళొస్తున్నాయా అని చూస్తూ తిరిగేవాడట. ఇప్పుడు యాత్రికుల కోసమే. తెలుసు. అయినా అతను గొంతెత్తేసరికి మా గుంపులో గుసగుసలు ఆగిపోయాయి. ఆ వాలిపోయిన గోడలు ఆ పాటను ఎప్పటినుంచో ఎరిగినట్టు...

"ఏం చెప్తాండాడు?" "అంతా బాగుండాది, పండుకోండి అంటాండాడు." "ఆ మాట చెప్పేదానికి ఊరికొక మనిషి ఉండల్ల." చివరి సందు దాకా లాంతరు వెనకాలే నడిచాడు.

సెప్టెంబరు 14

పడుకుని రెండుసార్లు లేచాను. రాస్తే నిద్ర పడుతుందేమో.

ఇవాళ పల్లెకు సెలవు. సముద్రం చూపిస్తానని కిర్స్టెన్ కారులో తీసుకుపోయింది. కరకట్ట ఎక్కితే సముద్రం లేదు. చూపు ఆనినంత దూరం తడి ఇసుక, బురద. దూరంగా గీతలా ఒక దీవి. ట్రాక్టరుకు తగిలించిన బస్సులు సముద్రం అడుగు మీదనే అక్కడికి పోయి, నీళ్ళు తిరిగి వచ్చేలోగా వచ్చేస్తాయి. రోజుకు రెండుసార్లు నీళ్ళు పోతాయి, రెండుసార్లు వస్తాయి. నాయనకు చెప్పాను. తలూపాడు. నమ్మలేదని ఇప్పుడు తెలుస్తోంది. ఎండిన చిత్రావతి ఏటి ఇసుకలో నడిచి పెరిగిన మనిషి. నీళ్ళు పోయిన చోటు ఆయనకు దారే.

బస్సు వేళలు అడగడానికి నేనూ కిర్స్టెన్ బస్సుల షెడ్డులోకి పోయాం. ఇవాళ్టికి అయిపోయాయి, ఆఖరిది దీవి నుంచి వెనక్కి వస్తోంది అన్నారు. బయటికొస్తే కరకట్ట మీద నాయన చెప్పులు. పక్కపక్కన, జతగా.

చాలా దూరంలో తెల్లటి పంచె.

కిర్స్టెన్ ముఖంలో రక్తం లేదు. సముద్రం తిరిగి వస్తోంది అంది. అల లేదు, చప్పుడు లేదు. ఆయనకూ మాకూ మధ్య బురదలో వంకర కాలవలు ఒక్కొక్కటే మెరవడం మొదలైంది. నేను కట్ట దిగి పరిగెత్తాను. కిర్స్టెన్ ఒక చేత్తో నా జబ్బ పట్టి లాగింది, ఇంకో చేత్తో ఫోను. నాయనా అని అరిచాను. గాలి నా గొంతు నాకే తిరిగి కొట్టింది.

ఆయన ఆగాడు. మా వైపు తిరగలేదు. పంచె ఎగ్గట్టుకుని, నీళ్ళు వచ్చే దిక్కుకే నిలబడ్డాడు. పాదాలు మునిగాయి. పిక్కలు. ఉన్నదంతా వెండిరంగు అయిపోయింది, నేల ఏదో ఆకాశం ఏదో... ఇది రాయడానికి ఎలాగో ఉంది. అంత భయంలోనూ నేను కన్ను తిప్పలేకపోయాను. అన్ని నీళ్ళు. ఆయన ఒక్కడు.

వెనక్కి వస్తున్న ట్రాక్టరు దారి మళ్ళింది. ఎర్రగడ్డం డ్రైవరు నీళ్ళలోకి దిగి నాయనను నడుము పట్టి ఎత్తి బస్సులో కూర్చోబెట్టాడు. కట్ట దగ్గర దింపాక వాళ్ళ భాషలో చాలాసేపు తిట్టాడు. నాయన చేతులు జోడించాడు. ఆ మనిషి తిట్టడం ఆపి, తన కోటు విప్పి ఆయనకు కప్పాడు.

కారులో నేను ఊరుకోలేదు. "ఏమన్నా అయ్యుంటే ఇంటికాడ ఏమని చెప్పల్ల నేను? నీళ్ళు వస్తాంటే ఎనిక్కి రావల్లని తెలీదా?"

నాయన తడి పంచెను మోకాళ్ళ మీదికి లాక్కున్నాడు. గోపురం కనిపించాక — "అన్ని నీళ్ళు ఎదురొస్తాంటే, ఎట్ల పాపా ఎనిక్కి తిరిగేది?"

సెప్టెంబరు 15

దగ్గు, కాస్త ఒళ్ళు వెచ్చన. కిర్స్టెన్ కూరగాయల సూపు తెచ్చింది. "చారు మాదిరుండాది" అని తాగాడు. ఆమె మంచం పక్కనే కూర్చుంది. వాళ్ళ తాత తమ్ముడు కూడా అలాగే నడిచి పోయాడట. తిరిగి రాలేదు. ఈ తీరంలో అలాంటివాడు లేని కుటుంబం అరుదు అంది. చెప్పాను నాయనకు.

"మా పక్క నీళ్ళు రాక పోతారు మనుషులు. ఈడ నీళ్ళొచ్చి పోతారు. చెప్పు ఆ యమ్మకు."

చెప్పాను. ఆమె గిన్నె పక్కన పెట్టి, నాయన కాళ్ళ మీద దుప్పటి సర్దింది.

సెప్టెంబరు 19

సాయంత్రం బీళ్ళ మీద పక్షులు. లెక్కకు అందవు. ఒక్క గుడ్డలా లేచి, మడతపడి, విప్పుకుని, సూర్యుణ్ణి కప్పేశాయి. నల్ల సూర్యుడు అంటారట ఇక్కడ. వేల రెక్కల చప్పుడు వాన వచ్చినట్టే ఉంది. నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఎప్పుడు పట్టుకున్నాడో గుర్తు లేదు, ఇంతకు ముందు.

సెప్టెంబరు 22

నేత ముగిసింది. ఎర్ర అంచు పట్టు కండువా. పల్లెలో అద్దాల పెట్టెలో పెడతామన్నారు. నాయన వద్దన్నాడు. కరకట్ట దగ్గరికి తీసుకుపొమ్మని, ఎర్రగడ్డం మనిషి మెడలో వేశాడు. అతను గ్రీజు మరకల బట్టల మీద అలాగే వేసుకుని ట్రాక్టరెక్కి పోయాడు. మాకు కనిపించినంత సేపూ ఆ అంచు ఎగురుతూనే ఉంది.

అక్టోబరు 3

అనంతపురం. క్లాసులు. నిన్న ధర్మవరంలో ఓబులేసు, ఇంకో ఇద్దరు నాయన చుట్టూ చేరారు. "సముద్రం లేసి పోతాదంటనే? యాడికి పోతాది?" నాయన నన్ను చూపించాడు. చందమామ లాగుతుంది అని మొదలుపెట్టి, తెలిసినంత చెప్పాను. అందరూ తలూపారు. నాయన ఊపలేదు.

"చందమామ మన మింద గూడా ఉండాడు గదా."

జవాబు నాకు తెలుసు. చెప్పబుద్ధి కాలేదు.

అక్టోబరు 12

ధర్మవరం. నాయన మగ్గం మీద లేడు. మిద్దె మీద ఉన్నాడు. మబ్బు ఒకటి కళ్యాణదుర్గం వైపు పోతోంది, కురిసే రకం కాదు. దాని గురించే అంటాడనుకున్నాను.

"ఆ దీవిలో మనుషులుండారంటివే?"

"ఉండారు. కొన్ని ఇండ్లు, ఒక చర్చి."

"నీళ్ళు చుట్టుకున్నప్పుడు వాళ్ళేం చేస్తారు?"

"ఏం చేస్తారు, ఉంటారు. మళ్ళా పోయేదాకా."

పిట్టగోడ మీదికి వంగి మబ్బు పోయిన దిక్కుకు చూశాడు.

"ఇంగోసారి పోదామా పాపా. ఈసారి అవతలి దాకా."

నాకు నలభై రెండేళ్ళు. ఈయన నన్ను తన కోసం ఏదైనా కావాలని అడగడం ఇదే మొదలు. ఆ వయసు, ఆ చలి, ఆ కాలవలు... వద్దని చెప్పాలి. కింది మెట్టు దగ్గర చెబుదామనుకున్నాను. చెప్పకుండానే మెట్లన్నీ దిగి వచ్చేశాను. ఆయన ఇంకా పైనే ఉన్నాడు. కిర్స్టెన్‌కు రాయాలని ఫోను తీశాను. ఆ దీవిలో రాత్రి ఉండడానికి చోటు దొరుకుతుందా అని... టైపు చేశాను. పంపలేదు. తుడిచేయనూ లేదు.