రెండో గిన్నె

తమ్ముడూ,

ఒంట్లో బాగానే ఉందని రాశావు గానీ, నాకు నమ్మకం కుదరడం లేదు. నవ్వకుండా చదువు.

నాకు షుగర్ వచ్చిందని తెలిసిన రోజే అమ్మ బిస్కెట్ల డబ్బా దాచేసింది, గుర్తుందా? "ఆకలేస్తే ఉప్పు లేకుండా గుప్పెడు పల్లీలు తినమ్మా" అన్నాడు డాక్టరు. ఆ గుప్పెడు కూడా అమ్మే కొలిచేది. "నీ గుప్పిట్లో న్యాయం లేదే" అనేది. వేయించి, పొట్టు ఊది, చిన్న గిన్నెలో పోసి నా కుట్టుమిషను మీద పెట్టేది.

అమ్మ పోయాక కూడా ఆ గిన్నె వస్తూనే ఉంది. తలుపు తాళం మార్చాను. అయినా మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి మిషను మీద వెచ్చటి పల్లీలు, కిటికీ గట్టు మీద పొట్టు. మొదట్లో హడలి చచ్చాను. ఇప్పుడు తింటున్నాను. షుగర్ అదుపులోనే ఉంది.

నా భయం నా గురించి కాదురా. మొన్నటి నుంచి రెండు గిన్నెలు ఉంటున్నాయి. రెండోది, అటక మీద మూటకట్టి పడేసిన నీ చిన్నప్పటి సొట్ట గిన్నె.

అమ్మ ఊరికే గిన్నె తియ్యదని నీకూ తెలుసు. ముందు వెళ్లి రక్తపరీక్ష చేయించుకో. అంతదాకా నీ గిన్నె నేను ముట్టను.

అక్క