పట్టీలో కుడిచెయ్యి

జూన్ 2
ఎడమచేత్తో రాస్తున్నా. ఒకటో తరగతి పిల్ల రాత. కుడి భుజం కోసి, తెగిన నరం కుట్టి పన్నెండు రోజులు.
చిక్కబళ్ళాపురం ఫిజియో పిల్ల ఈరోజు చూపించిన వ్యాయామం — వేళ్ళు ముడిచి తెరవడం, మోచెయ్యి వంచి చాచడం. దీనికి ఏళ్ళకేళ్ళు చదివిందట. ఆరు వారాలు పట్టీ ఉండాలట, చెయ్యి సొంతంగా పైకెత్తకూడదట, కుట్టిన నరం ఎముకకు అంటుకోవాలట. ఆరు వారాలు! అంతలో పట్టుపురుగు గుడ్డు పగిలి, పెరిగి, గూడు కూడా కట్టేస్తుంది.

జూన్ 5
గౌరిబిదనూరు ఆడబిడ్డ వచ్చింది. వాళ్ళ వీధిలో ఎవరికో ఇదే ఆపరేషన్ — పదో రోజే చెయ్యెత్తి తల దువ్వుకుందట. "కదపకుంటే కట్టె అయిపోతాది వదినా." తిన్నంతసేపూ అదే పాట. ఆమెకు తెలియనిది లేదు. తిన్న కంచం తీయడం ఒక్కటే తెలియదు.

జూన్ 9
పట్టుపురుగులు వచ్చాయి. ఈసారి మేపేది ఈయన. ఇరవై ఏళ్ళు పురుగుల ఇంటి గడప దాటకుండా "ఎట్లుండాయి?" అని అడిగిన మొగుడు. నేను కుర్చీలో కూర్చుని చెప్పాలట, ఆయన చేస్తాడట. చూద్దాం.

జూన్ 13
చూశాను.
పురుగులు మూడో జ్వరానికి పోయాయి. మేత మాని, తల ఎత్తి, పాత చర్మం విడిచేదాకా కదలవు. ఆ ఒక్క రోజు ముట్టకూడదు, సున్నం చల్లి ఊరుకోవాలి. అన్నీ లేచాకే ఆకు. ఈయన సగం లేవకముందే కొమ్మలు పరిచాడు. "పాపం, ఆకలిగా ఉండాయి" అట. ఇక ఒకటి పెద్దదిగా, ఒకటి చిన్నదిగా పెరుగుతాయి. ఈ మనిషి బుర్రలో ఏముందో...

జూన్ 15
ఈయన బాగేపల్లి పోయాడు. పట్టీ తీసేశా. మేపే అరల్లో పై అంతస్తు పురుగులకు నేనే ఆకు పరిచా, రెండు చేతులతో. మూడో కొమ్మకు భుజంలో టక్‌మంది.
ఎవరికీ చెప్పలేదు.

జూన్ 16
నొప్పి. దానికి తోడు ఈయన చేసిన ఉప్పిట్టు, ముద్దకట్టిన ఉప్మా.

జూన్ 18
ఫిజియో పిల్ల భుజం పట్టి చూసి, ఏమైనా ఎత్తారా అని అడిగింది. లేదన్నా. మళ్ళీ అడిగింది. నా కూతురి వయసు లేదు, నన్ను నిలదీస్తుంది! కదపకపోతే బిగుసుకుపోదా అని నేనే ఎదురు అడిగా. బిగుసుకుంటే తర్వాత మెల్లగా సాగదీయొచ్చట, తెగితే మళ్ళీ కోయాలట. ఆ పిల్ల వాళ్ళ ఊరు పరగోడట. ఇంట్లో పట్టుపురుగులు మేపుతారట.
"జ్వరంలో ఉండే పురుగుకి మీరు ఆకేస్తారామ్మా?"
నాకు పురుగుల పాఠం చెప్పడానికి బయలుదేరింది, పుస్తకాల పిల్ల. దారంతా ఆ మాటే చెవిలో.

జూన్ 19
నాలుగో జ్వరం. ఈయన సున్నం చల్లి, గుమ్మం ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గంటకోసారి నన్ను పిలవడం — "లేచినాయా? ఇంకా లేదు కదా?" పొద్దున్నించీ ఒక్క ఆకు వేయలేదు. ఒళ్ళు మండింది నాకు. ఈయన కూడా ఆగగలడు. నేను ఆగలేకపోయా.

జూన్ 28
గూళ్ళు. ఒక పక్క కట్టి ముగించాయి, ఇంకో పక్క ఇంకా ఆకు నములుతున్నాయి. ఈయన చేసిన తప్పు వచ్చినవాళ్ళందరికీ కనబడుతోంది. నాది భుజం లోపల ఉంది.

జూలై 1
రేపటికి ఆరు వారాలు. పిల్ల పట్టీ విప్పి, చెయ్యి నన్నే ఎత్తమంటుందట. లేవకపోతే...
మధ్యాహ్నం ముద్ద తింటూ ఈయన, తల ఎత్తకుండానే — "నేను బాగేపల్లి పోయిన పొద్దు పై అంతస్తులో ఆకు పరిచింది నువ్వే కదా. కొమ్మ మొదళ్ళన్నీ గోడ పక్కకి ఉండాయి, నేను అట్ల పెట్టను."
రెండు వారాలుగా తెలుసన్నమాట. అదే మొద్దు మొహం పెట్టుకుని తిరిగాడు.
"రేపు ఆ పాపకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"
పట్టీ వదులైంది, బిగించమన్నా. బిగించాడు. సరిగ్గానే బిగించాడు.