మిజరబుల్ అన్న మాటకు తర్జుమా

శృంగవరపుకోట,
డిసెంబరు 2015.

తమ్ముడు థామస్‌కు,

ప్రభువు దయవల్ల అమ్మా నేనూ బాగున్నాం. నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నాకు ఒళ్ళు మండిపోతోంది, అదొక్కటే ఇక్కడి అనారోగ్యం. మీ హాస్టల్లో ఫోను ఇవ్వరు కాబట్టి బతికిపోయావు.

ముందు నువ్వడిగినవి చెబుతాను. నీ స్వెట్టర్ ట్రంకు పెట్టెలో దొరికింది, ఉతికి ఆరేశాను. అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గింది, మళ్ళీ చింతపండు గింజలు తీయడానికి సూరయ్యగారి గొడౌనుకు వెళ్తోంది. హుద్‌హుద్ తుఫానుకు ఎగిరిపోయిన రేకుల చోట కొత్తవి వేయించాక ఇల్లు కారడం లేదు. నువ్వు రాసి పంపిన సాక్ష్యంలోనే ఇంకా కారుతోంది.

ఇక అసలు సంగతి. మీ హాస్టలును నడిపే దాతలు క్రిస్మస్ కూటానికి వస్తారని, ప్రభువు నీ బతుకును ఎలా మార్చాడో వాళ్ళ ముందు నువ్వు ఇంగ్లీషులో సాక్ష్యం చెప్పాలని రాశావు. ఇంగ్లీషు టీచరునని నాకు కాగితం పంపి, మిజరబుల్ అన్న మాట సరిగ్గా వాడానో లేదో చూడమన్నావు. చూశాను. మిజరబుల్ ఇల్లు, మిజరబుల్ తిండి, మిజరబుల్ అమ్మ. మీ వార్డెన్‌గారు ఆ మాటే బాగుంటుందన్నారట.

వ్యాకరణంలో తప్పు లేదురా. జ్వరమొచ్చి మూలుగుతున్నవాడు తన గురించి ఆ మాట అనుకోవచ్చు. ఆగని ముసురుకూ వాడతారు. ఒక మనిషి బతుకుకు వాడితే మాత్రం, చూసినవాడికి జాలీ కాస్త రోతా పుట్టేంత హీనమని. అమ్మ కష్టపడింది. దానికి హార్డ్ అనే చిన్న మాట ఉంది, డిఫికల్ట్ ఉంది. నీకు అవి చాలలేదు.

ఈ జబ్బు నీకు ఎక్కడ పట్టుకుందో తెలుసు. మన చర్చి సంఘంలో మునుపటి బతుకును ఎంత నల్లగా చూపిస్తే సాక్ష్యం అంత గొప్పదని ఒక నమ్మకం. ఎర్రన్న తాత తాగుడు మానేసి పాతికేళ్ళయినా, ఆయన తాగిన సారా ఏటేటా సాక్ష్యంలో పెరుగుతూనే ఉంటుంది. ఆయన మసి పూసుకునేది తన మొహానికే కాబట్టి నవ్వుకుని ఊరుకుంటాం. నువ్వు అమ్మ మొహానికి పూశావు.

తుఫాను వారంలో కరెంటు లేదు, కప్పు లేదు. అమ్మ మూడు రాళ్ళు పెట్టి వీధివాళ్ళందరికీ గంజి కాచింది. నువ్వు పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ ఆవురావురుమని తాగి, మళ్ళీ పోయమన్నావు. అప్పుడు చెప్పలేదేం, మిజరబుల్‌గా ఉందని? సిగ్గు లేదూ నీకు?

వార్డెన్ మాట కాదంటే సీటు పోతుందని నీ భయం, అదీ నాకు తెలుసు. పోతే ఇంటికి వచ్చేయ్. ఇక్కడా కాలేజీలున్నాయి.

ఇంతసేపూ దాచిన మాట ఒకటుంది. ఆ రోజు నీ పక్కన నిలబడి వాక్యం వాక్యం తర్జుమా చేయమని మీ హాస్టలువాళ్ళు నన్నే అడిగారు. ఒప్పుకున్నాను. అమ్మ కూడా వస్తోంది. తల్లులను మొదటి వరసలో కూర్చోబెడతారట. ఉన్న ఒక్క పట్టుచీరా తీసి నీడన ఆరేసింది. గొడౌనులో అందరికీ చెప్పుకుంది కూడా. నిన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అంది:

"ఆడు ఇంగిలీసులో ఏటి సెప్పినా నాకు తెలుగులో సెప్పు మెర్సీ. నా గురించి సెప్పింది ఒక్క ముక్కా ఇడిసిపెట్టకు."

మొదట మెత్తగా మార్చి చెబుదామనుకున్నాను. మిజరబుల్ అంటే ఓర్పుగల తల్లి అని చెబితే ఆవిడకేం తెలుస్తుంది, మురిసిపోతుంది. కానీ అలా చేయను. నీ కోసం నేను అమ్మతో అబద్ధమాడను. నువ్వేది చెబితే అదే, ఎంత గట్టిగా చెబితే అంత గట్టిగా, ఆవిడ వైపు తిరిగి తెలుగులో చెబుతాను.

నీ కాగితం దిద్దకుండా ఇందులోనే పెట్టి పంపుతున్నాను. ఆ మాట కొట్టేస్తావో, అమ్మ మొహం చూస్తూ చదువుతావో నువ్వే తేల్చుకో.

ఇట్లు,
నీ అక్క
మెర్సీ