ఆరో పాఠం అందేలోగా

యానాం, 1889, కార్తీకం

చిరంజీవి సూర్యప్రకాశానికి దక్షిణామూర్తి ఆశీర్వదించి రాయడమేమంటే,

ఇక్కడ అందరం క్షేమం. మా కోర్టులో దుబాసీ ఉద్యోగం కోసం ఫ్రెంచి నేర్పమన్నావు గనక, ఈ వారం క్రియ పంపుతున్నాను: సెల్వాన్యే. దూరం కావడం. రేవు విడిచిన పడవ చేసే పని అదే. వెలిసిపోయే వానా, మనసు విరిగిన స్నేహితుడూ, పాఠం మధ్యలో సొంత కబుర్లలో పడే నాలాంటి పంతులూ, అందరికీ ఈ ఒక్క మాటే చాలు. సాయంత్రం గౌతమి ఒడ్డున కూర్చుని ఈ మాట పలికితే అవతలి గట్టు కూడా కాస్త వెనక్కి జరిగినట్టుంటుంది.

నా పద్ధతి నీకు తెలుసు. వాక్యాలు చిన్నవిగా ఉండాలి. కళ్ళారా చూసినవే రాయాలి.

ఇట్లు,
దక్షిణామూర్తి

తా.క. ‘ఎందుకు’, ‘ఎందుకంటే’ ఆరో పాఠంలో వస్తాయి. అందాకా కారణాలు రాయకు.

* * *

కోటిపల్లి

బ్రహ్మశ్రీ పంతులుగారికి శిష్యుడు సూర్యప్రకాశం నమస్కరించి చేసుకునే మనవి,

అరుగు మీద కూర్చుని చూసింది చూసినట్టు ఫ్రెంచిలో రాశానండి. కింద తెలుగు కూడా ఇచ్చాను.

పడవ దూరమవుతోంది. నా భార్య నా నుంచి దూరమవుతోంది. ఆమె వెనక్కి తిరిగి చూడడం లేదు. బిందె కూడా తీసుకుపోతోంది. పిల్లి కూడా దూరమవుతోంది.

తమ విధేయుడు,
సూర్యప్రకాశం

తా.క. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేనండి.

* * *

యానాం

నాయనా సూర్యప్రకాశం, ధైర్యంగా ఉండు.

నీ ఫ్రెంచిలో తప్పుల్లేవు. తప్పంతా నీ సంసారంలోనే ఉంది. చూడనిది రాసేవాడివి కావు గనక నాకు ఆ పూట అన్నం సయించలేదు. పిల్లి కూడా పోయిందంటే ఆ ఇంట్లో పాలు కాగి ఎన్నాళ్ళయిందో! పైగా హాయిగా ఉందంటావా? సిగ్గు లేదూ!

మీ మావగారి ఊరు ఎదుర్లంక మాకు ఏటికి అవతలే గదా. వెంటనే పడవెక్కి వెళ్ళి, “మీ బాలాత్రిపురసుందరి బిందె పట్టుకుని ఇల్లు విడిచిందండి” అని చెప్పాను. “మా ఇంటికి రాలేదే!” అంటూ ఆయన నీ ఉత్తరం పట్టుకుని కోటిపల్లికి బయల్దేరారు.

నీ హితం కోరే,
దక్షిణామూర్తి

తా.క. బిందె రాగిదా, ఇత్తడిదా? మీ అత్తగారు కనుక్కోమన్నారు.

* * *

కోటిపల్లి

పంతులుగారికి నమస్కారాలు.

ఎంత పని చేశారండీ! బాల గోదారికి నీళ్ళకి వెళ్ళింది. నీళ్ళకి వెళ్ళే మనిషి అరుగు మీది మొగుణ్ణి వెనక్కి తిరిగి చూస్తుందా అండీ? పిల్లి ఎప్పుడూ ఆమె వెనకాలే పోతుంది. హాయిగా ఉందన్నది మీరు నేర్పిన మాట గురించి.

మావగారు వచ్చేసరికి బాల వంకాయలు తరుగుతోంది. ఉత్తరం చదివి నా ముందు పెట్టింది.

“ఇది మీరు రాసిందేనా?”

“నేనే.”

“నేను దూరమైతే మీకంత హాయిగా ఉందా?”

“అది పాఠమే, బాలా!”

“పాఠానికి నేనే దొరికానా అండీ?”

కత్తిపీట మడిచి, బిందె తీసుకుని తండ్రి వెనక పడవెక్కింది. రేవులో నిలబడి చూశాను. పడవ అరచేతంతయింది, శనగగింజంతయింది, తర్వాత మంచులో కలిసిపోయింది. నీళ్ళు ఏమీ ఎరగనట్టు పారుతున్నాయి. మీ క్రియ నాకు ఇప్పుడు వచ్చిందండి. ఈసారి ఆమె వెనక్కి తిరిగి చూసింది. అదే భరించలేకపోతున్నాను. ఆమె లేనిదే నాకు ఏ ఉద్యోగమూ వద్దు.

సూర్యప్రకాశం

తా.క. ఆరో పాఠం వెంటనే పంపండి.

* * *

చిరంజీవి సూర్యప్రకాశానికి ఆశీస్సులు. ఎక్కణ్ణించి రాస్తున్నానో చివర చెబుతాను.

నీ ఉత్తరం తీసుకుని మళ్ళీ ఎదుర్లంక వెళ్ళాను. మీ మావగారు నాకు పీట కూడా వెయ్యలేదు. నిలబడే చదివి వినిపించాను. వంకాయల దగ్గర మీ అత్తగారు నవ్వారు. ‘ఈసారి వెనక్కి తిరిగి చూసింది’ అనేసరికి అమ్మాయి లేచి గదిలోకి వెళ్ళిపోయింది. అంతా చెడిందనుకున్నాను. కాసేపటికి బిందెతో బయటికొచ్చి, “దగ్గర కావడానికి ఫ్రెంచిలో ఏమంటారండీ?” అని అడిగింది.

“సాప్రోషే” అన్నాను. నీకంటే బాగా పలుకుతోంది.

ఆరో పాఠం పంపడం లేదు. కారణాలు రాకుండానే మీ ఇద్దరూ ఇంత గొడవ చేశారు. అవి కూడా వస్తే నేను తట్టుకోలేను.

దక్షిణామూర్తి

తా.క. ఇది టపాలో రాలేదని గమనించావా? పడవలో కూర్చుని రాసి సరంగు పోతురాజు చేత పంపుతున్నాను. మీ రేవులోనే ఉన్నాం. నువ్వు వచ్చి బిందె అందుకుంటే గానీ దిగనంటోంది. అటు తిరిగి కూర్చుంది గానీ, ఇప్పటికే చాలాసార్లు వెనక్కి తిరిగి చూసింది.