ఎర్ర బాణం

ఫ్లాగ్‌స్టాఫ్, అరిజోనా
1967 అక్టోబరు 19, గురువారం

తమ్ముడు డెల్బర్ట్‌కు అక్క ఆశీస్సులు.

ఇక్కడ నేనూ ఓపల్ పిన్నీ ఆరోగ్యంగానే ఉన్నాం. నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను అని రాయడం నాకు అలవాటు. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. నీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు రాయడానికి నాలుగుసార్లు కూర్చున్నాను. నాలుగుసార్లూ కాగితం పొయ్యిలోకే పోయింది.

నువ్వు అడిగిన చిన్న సంగతులు ముందు చెప్తాను. కొండల మీద ఆదివారం తొలి మంచు పడింది. మన కుక్క బిస్కెట్‌కు ముందుకాలు నయమైంది, మళ్ళీ పోస్టుమాన్ వెంట పడి మొరుగుతోంది. వియత్నాం వానలకు మేజోళ్ళు కుళ్ళిపోతున్నాయని రాశావు కదా, పిన్ని రెండు జతలు అల్లింది. వేరే పొట్లంగా పంపాను. ఒకదాని మడమ రెండోదానికంటే పెద్దదిగా ఉందన్నందుకు రెండు రోజులు నాకు కాఫీ కూడా పోయలేదు. పొట్లంలో పీచ్ పళ్ళ డబ్బా కూడా ఉంది. అందరికీ పంచేయకుండా నువ్వూ తిను.

నా పని ఎలా ఉందని అడిగావు. చంద్రుడి చుట్టూ తిరిగిన నౌకలు పంపిన ఫోటోలు గుట్టలుగా పడి ఉన్నాయి. నీకు తెలుసుగా, సన్నని పట్టీలుగా వస్తాయి, పక్కపక్కన పేర్చి అతికిస్తే చారలచారలుగా నేల కనిపిస్తుంది. ఇప్పుడు పటం గీయమని నాకు ఒకప్పుడు లావా పరుచుకున్న మైదానం ఇచ్చారు. ఏ గుంట ముందు పడింది, ఏది దాని మీద పడింది, ఏ అంచు అరిగింది, ఏది ఇంకా పదునుగా ఉంది, ఇవి చూసి ఏది పాతదో ఏది కొత్తదో తేల్చాలి. అక్కడ గాలీ వానా లేవు కాబట్టి పడ్డ గుంట కోట్ల ఏళ్ళు అలాగే ఉండిపోతుంది. ఈ మాట నీకు చిన్నప్పుడు ఎంత గొప్పగా చెప్పేదాన్నో. ఈ పది రోజులుగా భూతద్దం కింద కొత్త గుంట కనిపిస్తే చూపు పక్కకు తిప్పుకుంటున్నాను.

ఊరి బయట బూడిద మైదానంలో మళ్ళీ పేలుళ్ళు మొదలుపెట్టారు. జూలైలో నలభై ఏడు గుంటలు చేశారని రాశాను కదా, ఇప్పుడు ఇంకా కొన్ని. చంద్రుడి ఫోటోలో ఎక్కడ ఎంత గుంట ఉందో, ఇక్కడా సరిగ్గా అదే చోట, అంత గుంట పడేలా మందు పాతి పేలుస్తారు. రేపు పైకి వెళ్ళేవాళ్ళు ముందు ఇక్కడ నడిచి అలవాటు పడాలట. పేలుడు వినిపించినప్పుడల్లా పిన్ని చేతిలో పని ఆపేస్తుంది. "చంద్రుడి మీదికి పోకముందే మన ఊరినే చంద్రుణ్ణి చేసేస్తున్నారే మీవాళ్ళు" అని నవ్వుతుంది. నవ్వి, గోడమీద నీ ఫోటో వైపు చూస్తుంది. నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించలేదు. నీకు జలుబు చేసిందని మాత్రం చెప్పాను.

ఇక నువ్వు రాసిన ఆ విషయం. నాకు అర్థమైనట్టు తిరిగి రాస్తాను, ఎక్కడైనా తప్పుంటే చెప్పు.

సెప్టెంబరులో ఒకరోజు పొద్దున విమానం తీసిన ఫిల్ము హడావుడిగా కడిగి, తడి ఆరకముందే, ఫోటోలు చదివే మీ గుడారంలో నీ బల్ల మీద పడేశారు. ఒక ఊరి పైనున్న కొండవాలు మీద వరసగా గుండ్రటి గుంటలు కనిపించాయి. ఒక్కో గుంట చుట్టూ చిన్న గట్టు. ఫిరంగులు దాచే గుంటలని నువ్వు గుర్తు పెట్టావు. మధ్యాహ్నానికి బాంబుల విమానాలు వెళ్ళాయి. మర్నాడు పాత ఫోటోనూ కొత్త ఫోటోనూ పక్కపక్కన పెట్టి చూస్తుంటే, నీ చేతిలో పాతది తలకిందులైంది. గుంటలన్నీ మిట్టలైపోయాయి. అవి సమాధులు. ఆ ఊరివాళ్ళ పెద్దల సమాధులు. పాత ఫోటోలో కొండ కింద ఇరవై రెండు ఇళ్ళ కప్పులు లెక్కపెట్టావు. కొత్తదాంట్లో లెక్కపెట్టడానికి ఏమీ మిగల్లేదు.

మీ కెప్టెన్‌కు చెబితే, "మిట్టలైతే ఏంటి, గుంటలైతే ఏంటి? ఇప్పుడక్కడ అన్నీ గుంటలే కదా. పోయి పని చూసుకో" అన్నాడని రాశావు. ఆ వాక్యం చదివాక నేను లేచి వెళ్ళి పంపు కింద చేతులు కడుక్కున్నాను. ఎందుకో నాకే తెలియదు.

నువ్వు నన్ను రెండే అడిగావు. నీకెప్పుడైనా ఇలా జరిగిందా అక్కా అని. పైవాళ్ళకు చెప్పమంటావా, లేక ఈ గుడారం వదిలేసి తుపాకీ పట్టుకుని అడవిలోకి పోనా అని.

మొదటిదానికి జవాబు ఇదివరకే ఒకసారి ఇచ్చాను. జనవరిలో సెలవు మీద వచ్చినప్పుడు, ఫోటో చదవడంలో నువ్వెప్పుడైనా పొరబడ్డావా అక్కా అని అడిగావు. అప్పుడు నేను లేదన్నాను. అది అబద్ధం డెల్.

మా ఆఫీసులో ప్రతి ఫోటో మూలనా ఎర్ర పెన్సిలుతో బాణం గీయాలి. ఎండ ఎటునుంచి పడుతోందో ఆ బాణం చెప్తుంది. ఎండ వచ్చే వైపు పైకి పెట్టుకుని చూడాలి, ఎందుకంటే వెలుగు పైనుంచే వస్తుందని మన కన్ను అనుకుంటుంది. కిందినుంచి వస్తే మోసపోతుంది, మిట్టను గుంట అంటుంది. పోయిన డిసెంబరులో ఒక పట్టీని తలకిందులుగా అతికించి, బాణం కూడా తలకిందులుగానే గీశాను. లావా ఉబ్బి చల్లారిన గుమ్మటం లాంటి మిట్టను పెద్ద గుంటగా గీసేశాను. పటం అచ్చుకు పోయిన వారానికి నాకే తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. మా విభాగంలో పటం గీసే ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఒక్క తప్పు దొరికితే చాలు, టైపు మిషను ముందు కూర్చోబెడతారని భయం.

నేను ఆ భయంలో ఉండగానే నువ్వు సెలవు మీద వచ్చావు. నిన్ను తుపాకీ మోయనివ్వకూడదని నేనేగా మా పై అధికారి ప్రూయిట్ గారి కాళ్ళావేళ్ళా పడి, ఈ కుర్రాడు ఫోటోలు చదవగలడని సైన్యానికి ఉత్తరం రాయించింది. వంటింటి బల్ల మీద, ఆఫీసులో పాడైపోయిన ఫోటోలు పరిచి నీకు నేర్పాను. మూడోరోజు నువ్వు, "బాణం గీయడం మర్చిపోతే ఎలా తెలుస్తుంది?" అని అడిగావు. జవాబు నాకు తెలుసు, ఒక్క ముక్క. ఏది చూసినా తిప్పి ఇంకోసారి చూడు. గుంట మిట్టయితే, మిట్ట గుంటయితే, ఆగిపో, ఎండ ఎటుందో తేలేదాకా గుర్తు పెట్టకు. అంతే. కానీ అది చెబితే, నీకెలా తెలుసు అని అడుగుతావు. అడిగితే నా తప్పు చెప్పాలి. నీ ముందు చిన్నదాన్నయిపోతానని సిగ్గుపడ్డాను. అమ్మ పోయాక నిన్ను పెంచినదాన్ని, నీకు తెలియని తప్పు నాలో ఉండకూడదనుకున్నాను. అందుకని ఏమన్నానో నీకు గుర్తుందా? "బాణంతో పనేముందిరా, నీ కన్ను మంచిది. మొదట ఏది కనిపిస్తే అదే నిజం." ఇదీ నేను నీకు నేర్పిన చదువు.

నిన్న పొద్దున ప్రూయిట్ గారి గదికి వెళ్ళి పటం బల్ల మీద పరిచి, ఈ గుంట గుంట కాదని చెప్పాను. ఉద్యోగం పోతే పోనీ అనుకునే వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి, పటం తిప్పి చూసి నవ్వాడు. "ఇందుకా వెర్నా అంతగా మొహం వేలాడేసుకున్నావు? నావి ఇలాంటివి మూడున్నాయి. రెండో అచ్చులో సరిచేద్దాంలే" అన్నాడు. కాఫీ తాగమన్నాడు కూడా. గోడ గడియారం చూశాను, మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు నిమిషాల సిగ్గు డిసెంబరులోనే పడి ఉంటే, జనవరిలో నీకు ఆ ఒక్క ముక్కా చెప్పేదాన్ని. నువ్వు ఆ ఫోటోను తిప్పి చూసేవాడివి.

రెండోదానికి జవాబు: చెప్పు. నీది నాలుగు నిమిషాల్లో తేలేది కాదని నాకు తెలుసు. కాఫీ ఎవరూ పోయరు. శిక్ష వేస్తారేమో, పిరికివాడనీ దేశద్రోహి అనీ అంటారేమో. అయినా ఫోటో సంఖ్య, తేదీ, దాన్ని నువ్వు పట్టుకున్న తీరు, ఇరవై రెండు కప్పులు, అన్నీ కాగితం మీద రాసి కెప్టెన్ పైవాడికి ఇవ్వు. వాడు వినకపోతే వాడి పైవాడికి. ఈపాటికి ఇంకో గుడారంలో ఇంకెవడో తడి ఫోటో పట్టుకుని ఇంకో కొండవాలు చూస్తూ ఉంటాడు. వాడికీ ఈ ఒక్క ముక్కా ఎవరూ చెప్పి ఉండరు.

అడవిలోకి మాత్రం పోకు. అక్కడ చచ్చిపోతే లెక్క సరిపోతుందని నీ మనసులో ఉంది. నిన్ను పెంచాను, నీ మనసు నాకు తెలియదా? లెక్క సరిపోదు. అవి సమాధులని తెలిసి బాధపడేవాడు మీ వైపు నువ్వొక్కడివే. నువ్వూ పోతే కాగితాల్లో అవి ఎప్పటికీ ఫిరంగి గుంటలుగానే ఉండిపోతాయి.

వచ్చే వారం నా పటంలో ఆ గుంటను గీకేసి మళ్ళీ మిట్టగా గీస్తాను. నీ కొండకు అలాంటి వారం రాదని తెలిసే ఇదంతా రాస్తున్నాను. ఫోటోలు చూడటం ఎవరి దగ్గర నేర్చుకున్నావని నిన్ను అడుగుతారు. నా పేరు రాయి డెల్. ఇంటి చిరునామాతో సహా రాయి.

ఇట్లు,
ఫోటో తిప్పి చూడమని నీకు చెప్పని
అక్క,
వెర్నా