మూడుసార్లు పిలిచాక

సుగుణా,

నువ్వు పోయి నేటికి ఆరేళ్లు. ఆనాడు ఎమర్జెన్సీలో ఎక్స్‌రే గది తలుపు వెనక స్ట్రెచర్ మీద పడున్నావు. వరండాలో ఒక్కసారి నీ పేరు పిలిచి, రాలేదని జాబితాలోంచి కొట్టేశారు. డాక్టరు చూడకుండానే పోయావు.

అదే ఆసుపత్రికి ఇప్పుడు, ఏ రోగి ఎంతసేపుగా ఎదురుచూస్తున్నాడో చూపే తెర తయారవుతోంది. దాన్ని చేస్తున్నది పామర్రు పాస్టరుగారమ్మాయి. నిన్న నన్ను ఆ ఆసుపత్రికి పిలిచి సలహా అడిగింది.

"పిలిస్తే రాకపోతే?" అన్నాను.

"మూడుసార్లు పిలిచి, తెరే ఆ పేరు తీసేస్తుంది మావయ్యగారూ."

"తీసేముందు ఒక మనిషి లేచి వెతకాలని పెట్టమ్మా."

ఆమె రాసుకోబోయింది. ఆనాడు నీ పేరు కొట్టేసిన పెద్దమనిషే ఇప్పుడు అక్కడ అధికారి. పక్కనే కూర్చుని వింటున్నాడు, నవ్వాడు.

"వెతకడానికి మనుషులుంటే ఈ తెరెందుకండీ?"

అమ్మాయి పెన్ను మూసేసింది. ఆయన టీ ఇప్పించాడు.

తాగాను సుగుణా.